కింద పడ్డ ప్యాడు

ఆటోనగర్ల మా షెడ్డుకు బోర్డు లేదు.
రేకు మీద సున్నంతో రాసిన ‘పాలిష్’ ఒక్కటే.
వానలకు కొస పోయి
ఇప్పుడు ‘పాలి’ మిగిలింది.

యాకూబ్ భాయి ప్యాడు కొనేటప్పుడు
కండ్లద్దాలు తీసి జేబుల పెట్టుకుంటడు.
చూసుడు కాదురా, ఒత్తుడు, అంటడు.
రెండువేళ్ల నడుమ నొక్కి వదులుతడు.
దబ్బున లేచిందా, పక్కకు.
లేవలేదా, అదీ పక్కకే.
నిద్రపోయే పిల్లగాని పొట్ట లెక్క
మెల్లగ లేచిందే మనది.

పెద్ద కండ్లున్న స్పాంజి మైనం తనే తాగుతది,
బండికి పెట్టది.
ఇడ్లీ లెక్క సన్న కండ్లుండాలె.
అంచును మోచేతి మలుపుల రుద్దుకుంటడు,
అక్కడ గీరితే రంగు మీదా గీరుతది.
దుకాణం సుదర్శన్ నవ్వుతడు:
‘భాయ్, కొసలు విరిచి చూడకు,
ఇవి బెండకాయలు గావు.’

మా బాపమ్మ కొత్తవాడల జంపఖానాలు నేసేది.
నూలు చేతికొస్తే
ఆమెదీ ఇదే బొటనవేలు, ఇదే మౌనం.
ఆ ముచ్చట భాయికి చెప్పలేదు.
చెప్తే జీతం పెరగది గద.

బండిని నీడకు తేవాలె.
బానెట్ మీద అరచెయ్యి ఆనిచ్చి చూడాలె,
మా ఎండకు దాని మీద రొట్టె కాల్తది.
ప్యాడు మీద నీళ్లు ఒక్క చిలుకు.
మైనం శనగగింజంత.
మొదటిరోజు నేను నిమ్మకాయంత తీసిన.
‘పెండ్లికొడుక్కు నలుగు పెడుతున్నవారా?’
గుండ్రంగ తిప్పకు.
ఇటు నాలుగు సాళ్లు, అటు నాలుగు సాళ్లు.
బలం పెట్టకు, చెయ్యి బరువే చాలు.
మసక కమ్మేదాక ఆగు.
చిటికెనవేలితో ఒక్క గీత గియ్యి.
గీత తేటగ వస్తే తుడువు,
పూసుకపోతే చాయ్ తాగి రా.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దిగే రోజులు.
అడ్తి వీరమల్లు నల్ల కారొచ్చింది,
తలుపుల సందుల ఎర్రటి పొడి.
కడిగే నలుగురం తుమ్మినం.
వీరమల్లు తుమ్మలేదు.

ఎడమ తలుపు కాడ
నా చేతుల ప్యాడు జారింది.
కింద పడ్డది మళ్ల బండెక్కొద్దు,
భాయి మొదటి మాట అదే.
కాని నూట ఇరవై రూపాయలది.
భాయి నమాజుకు పోయిండు.
ప్యాంటుకు రెండుసార్లు కొట్టిన, ఊదిన,
ఏం కనబడలే.

కనబడనిదే ఉన్నది.
కరీంనగర్ గ్రానైటు లారీలు మా ముంగటనే పోతయి.
ఆవగింజల సగం రాయిరవ్వ
స్పాంజి కంట్ల దాక్కొని
నల్ల తలుపు మీద నా చేతితోనే రాసింది,
సాలు వెంబడి సాలు.

భాయి వచ్చి టార్చి కొట్టి చూసిండు.
నెత్తి మీద టోపీ ఇంకా తియ్యలే.
తిడుతడని నిలబడ్డ.
ప్యాడు అందుకున్నడు, కండ్లద్దాలు తీసిండు,
కండ్లు మూసుకొని బొటనవేలితో దేవులాడిండు,
శానసేపు.
దొరికినదాన్ని నా అరచేతిల పెట్టి
‘ఉంచుకో’ అన్నడు, అంతే.

పొద్దుగూకేదాక మెషిను తిప్పి గీతలు తీసినం.
వీరమల్లు తలుపు నిమిరి,
ఏమో తెలిసినట్టే తలూపి, పోయిండు.

చీకటిపడ్డంక సబ్బునీళ్లల్ల ప్యాడ్లు కడుగుతం.
పిండొద్దు, అరచేతుల నడుమ ఒత్తాలె.
మైనానివి ఒక తీగ మీద, టైర్లవి ఇంకో తీగ మీద,
వాటికి వీటికి పొత్తు లేదు.

ఆ రవ్వను అగ్గిపెట్టెల దాచిన.
తెల్లారి మా చెల్లె పొయ్యి ముట్టియ్యబోయి
ఖాళీదనుకొని దులిపింది.
ఇండ్లనే ఉన్నది, ఏడనో.
బాపమ్మ జంపఖానా పోగుల సందుల కావచ్చు.
పండుకునేటప్పుడు
ఒక్కోసారి వీపుకు తగులుతది.