పిలుపు వేషం

తెల్లారగట్ల బండి దిగేసరికి
కర్రి ఈశ్వర్రావు గారు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు,
చేతిలో నా ఫొటో. పదేళ్ల కిందటిది.
నా మొహం, దాని మొహం రెండుసార్లు చూసుకుని
"రండమ్మా" అన్నారు, ఒక్క క్షణం ఆలస్యంగా.

పరిషత్తు ఇంకా మూడు రోజులుంది.
పోర్టు వాళ్ల నాటిక. ఆడవేషం ఒక్కటే,
దానికి నేను, తెనాలి నుంచి, రానూపోనూ టికెట్టుతో.
మాటలన్నీ ముందే ఫోన్లో పంపారు.
వంకాయలు తరుగుతూ, బట్టలు పిండుతూ నోటికి పట్టాను.
ఇంకో రెండు సమాజాల ఏడుపులూ అదే బుర్రలో ఉన్నాయి:
గుంటూరు వాళ్ల తల్లి, ఒంగోలు వాళ్ల వదిన.
ఒకరి మాట ఒకరి నోట్లో పడకుండా
అర అరకీ సర్దుకోవాలి.

లాడ్జికి డబ్బుల్లేవన్నారు, మొహమాటపడుతూ.
నాటికలో నా మొగుడు సూరిబాబు, క్రేన్ ఆపరేటరు.
కంచరపాలెంలో అతనింట్లోనే దింపారు.
అతని భార్య నీలవేణి మంచినీళ్లిచ్చి
నన్ను కాళ్ల నుంచి పైదాకా చూసింది.
"ఈవిడేనా నీ పెళ్లాం?" అంది మొగుడితో.
ముగ్గురం నవ్వాం. ఎవరి నవ్వు వాళ్లం.

యూనియన్ ఆఫీసు మేడ మీద రిహార్సలు.
పక్కనే అంత సముద్రం ఉండి
మే నెలలో ఒక్క గాలి తునకైనా పంపదేం ఈ ఊరికి?
ఫ్యాను వేస్తే మాటలు వినపడవు, ఆపితే మనుషులు నిలవరు.
చెమట కళ్లలోకి దిగి
గ్లిజరిన్ ఖర్చు మిగిలింది.

చిక్కంతా యాసతోనే.
"ఎక్కడికెళ్తున్నావు" అంటాను, కాలవ నీళ్లలా నింపాదిగా.
"ఎక్కడికెల్తన్నావు అనాలమ్మా" అంటారు ఈశ్వర్రావు గారు.
"ఏటి" దగ్గర నా నాలుక
కొత్త చెప్పుల్లో నడిచినట్టు నడుస్తుంది.
ప్రాంప్టింగు కుర్రాడు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతాడు.
సూరిబాబు నా కళ్లలోకి చూడడు,
నా చెవి పక్కన గోడ మీది క్యాలెండరుతో కాపురం చేస్తాడు.

రాత్రి, కొత్త చోటు, నిద్ర పట్టదు.
గోడకవతల అతను డ్యూటీకి లేస్తాడు.
గిన్నె మూత చప్పుడు. చెప్పుల చప్పుడు.
సగం నిద్రలోంచి నీలవేణి గొంతు.
నేను పట్టించుకోలేదనుకున్నాను.

నాటిక రోజు నీలవేణి చీరే కట్టాను.
మొదటి వరసలో ఆమె, ఇద్దరు పిల్లలు, మురీ మిక్చరు పొట్లం.
నాలుగో సీను. అతను ఇల్లు విడిచి పోవాలి,
నేను కాళ్లు పట్టుకుని పేజీన్నర ఏడవాలి.
అక్కడ సూరిబాబు మాట మర్చిపోయాడు.
కుర్రాడి గుసగుస నాకు వినపడుతోంది,
న్యాయనిర్ణేతలకీ వినపడుతోంది, అతనికి తప్ప.

అప్పుడు హార్బరులో ఓడ కూసింది,
నాటికలో లేని ఓడ.
అతను తల తిప్పాడు. మూడు రోజుల్లో మొదటిసారి
ఆ వేషంలో ఒక మనిషి కనపడ్డాడు.
"టైమైపోనాది, ఎల్లాలి."

"నాలుగు ముద్దలు తినేసి ఎల్లు.
కాళీ కడుపుతో అంతెత్తునించి కిందకి సూడ్లేవు."

అన్నది నేనే.
ఎక్కడా తడబడలేదు.
అతను ఖాళీ కంచం ముందు కూచున్నాడు.
నాలుగు ముద్దలూ తిన్నాడు. హాల్లో ఎవరూ దగ్గలేదు.

ఏడవాల్సిన చోట ఏడవలేదని మార్కులు తగ్గించారు.
కవర్లో అయిదొందలు తక్కువున్నాయి. మళ్లీ లెక్కపెట్టలేదు.

స్టేషనుకి నీలవేణి వచ్చింది, ఒక్కతే,
పులిహోర డబ్బాతో.
"ఆ మాట నాదమ్మా" అంది.
నా దగ్గర జవాబు లేదు, ప్రాంప్టరూ లేడు.
"రోజూ అంటాను. నిలబడే ఎల్లిపోతాడు.
నీకాడ కూకున్నాడు."
కోపమో కాదో తేల్చుకునేలోపు బండి కదిలింది.

తునిలో టీ కుర్రాడు చిల్లరడిగితే
సంచిలో చెయ్యి పెట్టాను.
చెమ్మ ఆరని ఆమె చీర తగిలింది.