నాలుగు అంకెలు, మూడు చుక్కలు

మెస్తియాలో కరెంటు పోయిన ప్రతిసారీ
ఆ పెట్టె ఇల్లు మారుతుంది.

నిజానికి కదలదు. చెక్క బీరువా పక్కనే,
నాలుగు డిస్కులు కడుపులో పెట్టుకుని,
కునికే పిల్లిలా గురగురమంటూ ఉంటుంది.
మారేది నంబరు.
రూటరు నిద్రమత్తులో లేచి
చేతికందిన నంబరొకటి విసురుతుంది,
నిన్నటిది కాదు.

మ్యూజియానికీ, బడికీ,
పైగదిలో స్వాన్ భాషకి నిఘంటువు రాసే గెర్వాసీకీ
అందరికీ ఒకటే పెట్టె.
పొద్దున్నే మాక్వాలా ఫోను:
'పాటలు పోయాయి.'
'పోలేదమ్మా, నువ్వు పాత గుమ్మం తడుతున్నావు'
అంటాను జుగ్దీదీ నుంచి.
ఐదోసారి ఆవిడ ఫోను చెయ్యలేదు.
వ్యాను డ్రైవరు చేత కుబ్దారి పంపింది,
మాంసం కూరిన రొట్టె, మూడు పొరల గుడ్డలో.
రమ్మని అర్థం.

మార్చి నెల. కిటికీ సగం దాకా మంచు.
ఒక కేబులు: ఈ కొస నా లాప్‌టాప్‌కి, ఆ కొస దానికి.
'ఆటోమేటిక్' ఎదుట టిక్కు తీసేశాను.
ఇన్నాళ్ళూ ఎవరో పెట్టిన పేరుకి పలికింది,
ఇక తన పేరు తనే చెప్పుకోవాలి.
నూట తొంభై రెండు, చుక్క,
నూట అరవై ఎనిమిది, చుక్క,
ఒకటి, చుక్క...
'చివరి అంకె ఏం పెట్టను?' ఊరికే అడిగాను.

మెట్ల మీంచి గెర్వాసీ: 'ఎనభై ఏడు.'

ఎందుకని అడగలేదు.
ఆ ఏటి మంచు గురించి ఇక్కడెవరూ ఎవరినీ అడగరు.
కొండ జారిన రాత్రి తర్వాత
మైదానాలకి దిగిన బస్సుల్లో ఒకదాంట్లో మా అమ్మ ఉంది,
ఆవిడ కడుపులో నేను.
మాక్వాలా టీ గ్లాసు తుడుస్తూనే ఉంది,
అది ఎప్పుడో ఆరిపోయినా.

వేలు వణికిందో, చలో,
ఒకటి పక్కన ఇంకో ఒకటి పడింది.
చూసుకోకుండా 'సేవ్' నొక్కాను.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.
దీపాలు వెలుగుతున్నాయి, డిస్కులు తిరుగుతున్నాయి,
నాకు మాత్రం అది లేదు.
ఒకటో వీధి అంతా పిలిచాను, గడప గడపకీ.

మాక్వాలా జడలోంచి పిన్ను తీసి ఇచ్చింది,
వెనక సూదిబెజ్జంలో నొక్కమని.
వద్దన్నాను. అది నొక్కితే
నంబరుతో పాటు ఎవరికి ఏ గది తెరవాలో కూడా మర్చిపోతుంది.

గెర్వాసీ దిగొచ్చి పక్కన కూర్చున్నాడు.
'నాకు రోజూ ఇదే పని.
రాసినవాడు ఏ తప్పు రాసుంటాడో ఊహించాలి,
వెళ్ళి అక్కడ వెతకాలి.'

అప్పుడు తట్టింది.
దాన్ని వెనక్కి లాగలేను,
నేనే ఆ తప్పు వీధికి వెళ్ళాలి.
లాప్‌టాప్ నంబరు మార్చుకున్నాను:
పదకొండు, చుక్క, ఐదు.
పిలిచాను.
పలికింది,
ఒక మిల్లీసెకను కూడా అలగకుండా.

అదనపు ఒకటి చెరిపాను.
మాస్కులో మూడు రెండొందల యాభై ఐదులు, ఓ సున్నా:
ఎవరు మనవాళ్ళో, ఎవరికోసం కనుమ దాటాలో.
గేట్‌వే అంటే ఆ కనుమే.
ఎనభై ఏడు ఇంకెవరికీ ఇవ్వొద్దని
రూటరుకి గట్టిగా చెప్పాను.

తర్వాత మాక్వాలా 'అయ్యో' అంటుండగానే
గోడ ప్లగ్గు పీకేశాను.
పదిదాకా లెక్కపెట్టి మళ్ళీ పెట్టాను.
రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.
ఓ చిన్న బీప్.
మాక్వాలా నొక్కింది, నిన్నటి గుమ్మమే.

ముందు చాలాసేపు టేపు గాలి,
తర్వాత ఎవరో దగ్గారు.
'చిచికో' అందావిడ. 'దగ్గందే పాట ఎత్తడు.'

పాట పూర్తవకుండానే
గెర్వాసీ జేబులోంచి కార్డు తీసి
నాలుగు అంకెలూ మూడు చుక్కలూ రాసుకున్నాడు,
పక్కన చిన్న అక్షరాల్లో:
నామవాచకం. బహువచనం లేదు.