తరుగు

మిర్చి యార్డులో కమీషను కొట్టు,
కాటా పక్కన నా కుర్చీ.
పద్నాలుగేళ్లుగా ఎన్ని ఊళ్ల కాయ బరువో
నా చేతిరాతలోనే ఉంది.

టిక్కీ నలభై కిలోలనుకుంటే
నేను మూడు టిక్కీలకి రెండు కిలోలు తక్కువ.
ఈ లెక్క వేసింది హమాలీలు కాదు, నేనే.
ఎవరూ లేని ఓ ఆదివారం, చెప్పులు విప్పి
కాటా ఎక్కి
చీటీ రాయకుండా దిగాను.

కొత్తపేట డాక్టరు కాగితం మీద పొట్ట గీశాడు,
సొరకాయలా వచ్చింది.
అందులో ముప్పాతిక కొట్టేశాడు.
"మోకాళ్లకీ, షుగరుకీ, నిద్రలో ఆగే ఊపిరికీ
ఇదే దారమ్మా. ఇన్సూరెన్సు ఉందిగా?"

ఉంది.
ఏడేళ్లుగా ప్రీమియం ఒక్కరోజు దాటలేదు.

మొదటి ఉత్తరం:
ఇది అందం కోసం చేయించుకునే చికిత్స, కుదరదు.
నిజంగానే నవ్వొచ్చింది.
అందం కోసమైతే నలభై నాలుగేళ్లు ఆగుతానా?

రెండో ఉత్తరం నిండా ప్రశ్నలే.
తగ్గడానికి ఏం చేశారు?
ఆర్నెల్ల రుజువులు జతచేయండి.
పెళ్లిలో ఆకు ముందు కూచుని
"నాకు చాలండి" అన్న మాటకి రసీదెవరిస్తారు?
అన్నా నమ్మని చూపుల్ని నోటరీ చేయించాలా?
తెల్లారుజామున స్టేడియం చుట్టూ నేను నడవడం చూసింది
ఒక పాలవాడూ, రెండు కుక్కలూ.

ఎప్పట్నుంచి లావు? అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
రెండో కాన్పు నుంచా?
ఆటోవాడు ఇద్దరి చార్జీ అడిగిన రోజు నుంచా?
జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకున్నారా? అని కూడా ఉంది.
ఈ ఒంటిని
ఎక్కడ దాచిపెట్టను, సార్?

ఆస్పత్రి డెస్కులో శాంసన్ అని కుర్రాడు,
కాగితాలకి కన్నాలు పొడిచి ట్యాగు కడుతూ
"వాళ్లకి బాధ అర్థం కాదాంటీ, అంకె అర్థమవుద్ది" అన్నాడు.
బీఎంఐ నలభై ఆరు.
నిద్ర పరీక్షలో, గంటకి ముప్పై ఎనిమిది సార్లు
ఊపిరి ఆగింది.
ఆ అంకె చూసి కంపెనీ కంటే ముందు నేను భయపడ్డాను.
రాత్రికి ఇన్నిసార్లు పోయి వస్తున్నానన్నమాట.
గురకనుకుని మా ఆయన
పడక హాల్లోకి మార్చుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం తేజ రకం దిగుతోంది,
కొట్టంతా తుమ్ములు. ఫోను మోగింది.
మంజూరు.
అడిగింది నాలుగు లక్షల అరవై వేలు
ఇచ్చేది మూడు లక్షల డెబ్బై.
గది అద్దెలో కోత, గ్లవుజుల్లో కోత,
"ఇతరములు" అని ఇంకో కోత.

అప్పుడే ఎదురుగా పెదనందిపాడు రైతు,
చేతిలో నా చీటీ.
"కాయ ఎండే ఉందిగా, తరుగెందుకు తీశారమ్మా?"
వెయ్యిసార్లు విన్న మాట.
"రూలండీ" అనేదాన్ని, తలెత్తకుండా.
నిన్న తలెత్తాను.
ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాను,
గింజలు గలగలమన్నాయి.
మళ్లీ కాటా పెట్టించాను.
మా షావుకారు గుడ్లురిమాడు, ఉరమనీ.

కళ్లు తుడుచుకుంటుంటే మస్తాన్‌వలి
"ఇయ్యాల ఘాటు ఎక్కువుందమ్మా" అన్నాడు.
ఉందన్నాను.

సోమవారం ఆపరేషను.
మిగిలిన తొంభై వేలకి, రేపు బ్రాడీపేటలో
నా గాజులు కాటా ఎక్కుతాయి.
మట్టికింత, అతుక్కింత అని
అక్కడా తరుగు తీస్తారు.

ఎందుకని
అడుగుతాను.