పిల్లిరాట

పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు.
శాపాలతో పనేముంది,
గోళ్ళు చాలు.
గుణుపురంలో, ఏటి ఒడ్డు వీధిలో,
మా దడి కట్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి
కార్తీకం నుంచీ.

వెదురు బద్దలు ఇస్రాయేలు గొమాంగో చీల్చినవి.
కట్టింది కొబ్బరితాడు, రెండు పేటలు,
నానబెట్టి బిగించిన కట్టు.
దడి మీద చిక్కుడుపాదు,
పాదు మీద ఊదారంగు పూత,
పూత మీద నా ఆశ,
ఆశ మీద, తెల్లవారుజామున,
ఎదురింటి పిల్లి.

మూడున్నాయి. ఎండుచేపలమ్మే కుంతలా బెహరా ఇంటివి.
నిజానికి ఎవరివీ కావు, వాసనవి.
చారల పోతుకి అమీను అని పేరు పెట్టాను,
జప్తుకొచ్చినవాడిలా నడుస్తాడు కాబట్టి.
రాట దగ్గర ఆగుతాడు. వెనక్కాళ్ళ మీద లేస్తాడు.
ఒళ్ళంతా విల్లులా సాగదీసి
తాడులోకి గోళ్ళు దించి
చర్ చర్ చర్ర్...
నా కుట్టుమిషను కూడా అంత శ్రద్ధగా నడవదు.

నేను దర్జీని.
విప్పడం ఎంత తేలికో నాకు తెలుసు.

నీలిమందు కలిపిన నీళ్ళసీసాలు వేలాడదీశాను.
కుక్కలు కొంచెం సందేహించాయి.
కారం చల్లాను. గాలి తిరిగింది.
ఎవరిదో పెళ్ళిజాకెట్టు మీద రోజంతా తుమ్మాను.
రేగుకంప కట్టాను, నా తువ్వాలే చిరిగింది.
బత్తాయి తొక్కలు పరిచాను,
అమీను వాటిని పక్కకి జరిపి పడుకున్నాడు.
చెంబుతో మాటేసి కూర్చున్న రాత్రి
ఒక్క పిల్లీ రాలేదు.
వంశధార మీదకి మంచు దిగడం మాత్రం చూశాను,
ఎన్నేళ్ళకో.

వీధి దాటి వెళ్ళి కేకేశాను:
"నీ పిల్లులు మా దడి పీకేస్తన్నాయమ్మా!"
"బిలేయి మోర నుహేఁ" అంది, బుట్ట సర్దుకుంటూ.
నావి కావు పో, అని.
ఆమె బాడ అంటుంది, నేను దడి అంటాను,
పిల్లి ఏమంటుందో ఇద్దరమూ అడగలేదు.
వారం మాటల్లేవు.
ఎండుమెత్తళ్ళు సంతలో కొన్నాను
రూపాయి ఎక్కువిచ్చి.

ఆ వారంలోనే చూశాను.
తెగినచోటల్లా మళ్ళీ కట్టు.
నీలం నైలాను దారం.
దర్జీ కంటికి ముడంటే సంతకం,
ఇది నాది కాదు.
వలముడి. లాగేకొద్దీ బిగిసేది.
బుట్ట నెత్తికెత్తుకునే ముందు,
నేను లేచేలోగా,
తనవి కాని పిల్లుల తప్పు
తను దిద్దిపోతోంది.
ఏమనాలో తోచక
ఆమె చిరుగు గొడుగు తెచ్చి కుట్టిచ్చాను.
డబ్బులివ్వబోయింది. మళ్ళీ కొంచెం పోట్లాడుకున్నాం.

ఆదివారం చర్చి నుంచి వస్తూ
ఇస్రాయేలు దడి చూసి నవ్వాడు.
"గోళ్ళున్నాయి, వాటికి పని కావాల.
ఇక్కడొద్దంటే సరా?
మరెక్కడో సూపించాల."

అవి రోజూ దాటే దారిలోనే
నడుమెత్తు జీలుగు దుంగ పాతాం.
పాత కొబ్బరితాడు కిందినుంచి పైదాకా
సందు లేకుండా చుట్టాడు.
దడి కట్లకు ఇనపతీగ, గోరు దిగనిది.
కుంతల దుంగకి ఎండుచేపపొట్టు రాసింది,
చేతికంటిన పసుపు కూడా పూసి
"పెళ్ళిరాట" అంది, నా తెలుగులోనే.
"పిల్లిరాట" అని దిద్దాను.
ఆమెకు తేడా వినపడలేదు.
ఇస్రాయేలుకి వినపడి
గునపం పట్టుకుని కూలబడి నవ్వాడు.

రెండ్రోజులు ఎవరూ రాలేదు.
మూడోనాడు అమీను వచ్చి
దడి తీగని మూతితో తాకి, వెనక్కి తగ్గి,
దుంగ ముందు చాలాసేపు కూర్చున్నాడు,
కాయితాలు చూస్తున్నట్టు.
తర్వాత లేచాడు. విల్లు సాగింది.
చర్ చర్ర్...

చిక్కుడు కాసింది. మొదటి కోత వీధి దాటింది.

మూలరాట దగ్గర ఒక్క నీలం ముడి మీద
తీగ చుట్టలేదు నేను.
ఇస్రాయేలు అడిగితే
తీగ చాల్లేదన్నాను.