ఎగవెట్టిండు

నారాయణపేట కోర్టులో నా మొదటి సోమవారం
కాశప్ప సారు నాకు చట్టం చెప్పలేదు.
బెంచీ చివర కూర్చోబెట్టి అన్నాడు:
"టైపు మిషను దిక్కు చూడకు,
బోనుల నిలబడ్డామె నోరు చూడు."

ఆమె అన్నది: "కొంగువట్టి గుంజిండు సారూ."
కాయితం మీదికి ఎక్కేసరికి
అది "చీర కొంగును తాకెను" అయింది.

సారు లేచాడు.
అరవలేదు, బల్ల గుద్దలేదు,
గొంతు సవరించుకున్నాడు, అంతే.
"గుంజుడు వేరు, తాకుడు వేరు.
సాక్షి మాట సాక్షిదే, యువరానర్."
కొట్టివేత పడింది.
పక్కన జడ్జిగారి పొట్టి సంతకం,
ఎండిన చింతాకంత.

ఆ రోజు నా సంపాదన
రెండు మిర్చిబజ్జీలు, సగం చాయ్.

శనివారాలది ఇంకో బడి.
తెల్లారగట్ల నాలుగింటికి బస్టాండు.
బొంబాయి బస్సు ఆగేది.
సద్దిమూటలు, సిమెంటు మరకల బూట్లు,
భుజాల మీద నిద్ర తెగని పిల్లలు దిగేవాళ్ళు.
మఫ్లరు చెవులదాకా చుట్టుకొని
సిమెంటు బల్ల మీద సారు నోటుబుక్కు తెరిచేవాడు.
ఎన్ని దినాలు? ఏ మేస్త్రీ? చేతికెంత ముట్టింది?
ఒకతను దినాలు వేళ్ళమీద లెక్కబెడుతూ
నాలుగో వేలు దగ్గర ఆగిపోయాడు.
అక్కడ వేలు లేదు.
దినాల కింద ఇంకో గీత గీసి
సారు ఆ వేలునూ రాసుకున్నాడు.

"రైతు తెలుగుల ఏడిస్తే
ఉర్దూల ఎక్కించేటోళ్ళు అప్పట్ల.
మా ఉస్తాద్ హుస్సేనీ సాబ్ పక్కన నిలవడి
ఏడుపు ఏడుపులెక్కనే రాయుమనేటోడు"
అని చాయ్ ఊదుకుంటూ ఒక్కసారే చెప్పాడు.
మళ్ళీ అడిగితే
"ఫైలు దారం సరిగ్గ కట్టు" అన్నాడు.

ఇప్పుడు ఆ బల్ల మీద నేను.
నోటుబుక్కు ఏడోది.

పోయిన నెల బోనులో తాయమ్మ.
"పదకొండు నెలల పైసలు
మేస్త్రీ ఎగవెట్టిండు" అన్నది.
నాకింకా మూడు కేసులున్నాయి,
జడ్జిగారు గడియారం చూస్తున్నారు.
నేనే, నా నోటితో నేనే,
టైపిస్టుకు అందించాను:
"వేతనాల చెల్లింపులో జాప్యం జరిగినది."

వెనక నుంచి నా గౌను ఎవరో గుంజారు.
నాగవేణి. చేరి ఎనిమిది నెలలు,
ఇంకా సొంత స్టాంపు లేదు.
"ఆమె జాప్యమనలేదు సార్.
జాప్యమంటే రేపిస్తడని.
ఎగవెట్టిండు అన్నది."

చెవులు కాలాయి.
తాయమ్మ మా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది,
తన మాట ఎటుపోయిందో వెతుక్కుంటున్నట్టు.

లేచాను. గొంతు సవరించుకున్నాను.
కొట్టివేత. పక్కన పొట్టి సంతకం.

సాయంత్రం బజ్జీలు నేనే కొన్నాను.
రెండూ ఆ పిల్లే తిన్నది, అడగకుండా.
"శనివారం నాలుగింటికి" అన్నాను.
మూతి తుడుచుకుంటూ అన్నది:
"మూడున్నరకే రావాలె సార్,
ఇప్పుడు పూణె బండి ముందొస్తున్నది."