నాలుగు మంచులు

రాత్రి రెండింటికి నయీంనగర్ల
నా విజిల్‌కు ఏ యాసా ఉండది.

మా అచ్ఛాం జిల్లాల నాలుగు మాటలుండె:
కొండ మీద పడి మూన్నెల్లు లేవనిది హ్యూఁ,
తొవ్వను మింగేది కుయిరో,
గడ్డి మీద తెల్లగ బిగుసుకునేది తుసారో,
అమ్మ ఉత్త కాళ్లను తడిపేది శీత్.
ఈడికొచ్చి అడిగితే
నాల్గింటికీ మంచే అన్నరు.
నాలుగు గొంగళ్లు మోసుకొచ్చినోనికి
ఒక్క దస్తీ చేతుల పెట్టినట్టయింది.

నెల పైసల రసీదు బుక్కు ఎనకాల రాస్తుంట.
ఏడో నంబరింటి సువార్తమ్మ టీచర్
గేటు సందులకెల్లే దిద్దుతది:
"గుమాన్‌సింగ్, కల్లు వేరు, కళ్లు వేరు.
అది తాగితే ఇవి ఎర్రబడ్తయి,
గంతే సుట్టరికం."

పదకొండో నంబరింట్ల దొంగలు వడ్డనాడు
అందరు కుర్చీలేసుకొని కూసున్నరు.
"మేం నిన్ను నమ్మినం" అన్నరు.
మేమన్నా మనమన్నా మాకు హామీ ఒక్కటే.
మీ హామీ వేరు, అది పూచీ.
తెలుగుల ఆ మాటకు గేటున్నదని
ఆనాడే ఎరుకైంది,
నేను ఏ దిక్కు నిలవడ్డనో గూడ.

నిరుడు జనవరిల
నాలా మీదికెల్లి కుయిరో లేసింది.
పాల పాకెట్లేసే ఐలేశు సైకిల్ ఆపి
చేతులు సంకలవెట్టుకొని అన్నడు:
"అన్నా, జరసేపు మనం మంట కాగుదామా?"

పుల్లలున్నయి, అంటుకుంటలేవు.
రసీదు బుక్కుల కాయితం చింపిచ్చిన.
రాసిందో, రాయందో
చూడలే.