ఎనిమిది గళ్ల పంటు

మస్కట్ నుంచి దిగినాయన
టేప్ రికార్డరూ సెంటు సీసాలూ ఇంట్లో పెట్టుకుని
నల్ల పలక లాంటిదొకటి మాత్రం
మా కొట్లో పడేసిపోయాడు.
"లెక్కల మిషనంట. పన్జెయ్యట్లేదు, చూడండి."
మళ్లీ రాలేదు.

నర్సాపురం. పంటు రేవు పక్కన
కొల్లాటి నాగేశు గారి రేడియో రిపేరు.
ఎనభై ఐదు వేసవి, నాకు పద్నాలుగు.
ఆ పలక మీద రబ్బరు మీటలు
నానిన బఠాణీల్లా వేలికింద మెత్తగా అణిగేవి.

టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి, బొత్తాం నొక్కితే
కీచుమని అరుపు.
రంపపు మిల్లు, వానాకాలం కప్పలు
ఒకే గొంతులో దూరినట్టు.
తెర అంచున పసుపూ నీలం చారల పరుగు.
ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టాలి.
నాలుగో నిమిషంలో కరెంటు పోయేది.
"ఆయ్, మళ్లీ మొదట్నుంచి"
అని నాగేశు గారు బీడీ వెలిగించేవారు.

ఉన్నది ఒక్కటే ఆట.
గుహలో టోపీవాడు, తాళంచెవులు, మూడు ప్రాణాలు.
అరంగుళం తేడాగా గెంతితే ఒకటి పోతుంది.
పంటు దాటిపోయినా పట్టించుకోకుండా
సైకిళ్ల మీంచే చూసేవారు జనం.

లేసు అల్లే సలోమి రేడియో కోసం వచ్చి
టోపీవాడి దగ్గర ఆగిపోయింది.
"మూడు ప్రాణాలా? ఎవరిచ్చారు?"
తర్వాత తెరకి ముక్కు ఆనించి:
"ఇది గళ్ల కాగితమే గదా అబ్బాయ్.
నిండిన గడి కుట్టు, లేనిది ఖాళీ."
పుస్తకంలో నెల రోజులుగా నాకర్థం కాని పేజీ
ఆవిడ నిలబడే చదివేసింది.

అలా గీశాం పంటుని, ఎనిమిదికి ఎనిమిది.
ఆవిడ చెప్పడం, నేను కొట్టడం.
ఖాళీ, ఖాళీ, కుట్టు, కుట్టు,
కుట్టు, కుట్టు, ఖాళీ, ఖాళీ.
ఆ వరస విలువ అరవై.
"డజను పువ్వులకి ఏజెంటు నాకిచ్చేదీ అంతే,
పైసల్లో" అంది, నవ్వలేదు.

ఇవతల నర్సాపురం, అవతల సఖినేటిపల్లి.
మధ్యలో దుంగలు, గుర్రపు డెక్క.
తగిలితే పంటు మునగాలన్నాను.
ఒప్పుకోలేదు.
"మునిగినోళ్లని ఈ రేవులో చూశాన్నేను.
తిరిగి ఇవతలి ఒడ్డుకే రానీ.
ఎన్నిసార్లయినా."
ప్రాణాలు లెక్కపెట్టే వరస కొట్టేశాను.

దాచడానికి దొరికింది
రేవు వేలంపాట చాటింపు క్యాసెట్టు.
మా ఆట కీచుమని అరిచి అయిపోగానే
వెనకాల మైకు గొంతు మిగిలేది:
"...పాల్గొనగోరువారు ముందుగా ధరావతు..."
ఆ రెండు నెలలూ రేవులో అందరి సామెత అదే.

ఎనభై ఆరు ఆగస్టులో
గోదారి కొట్లోకి వచ్చింది.
పలక నిండా ఒండ్రు.
టేపు విప్పి, నూతి నీళ్లతో కడిగి
సలోమి దండెం మీద ఆరేశాం
లేసు ముక్కల పక్కన, నల్లగా, పొడుగ్గా.
ఆరాక చాటింపు బతికింది.
ఆట బతకలేదు.

నేను దిగులుపడుతుంటే
కొంగులోంచి తీసి చూపించింది, అరచేతంత.
ఎనిమిది వరసలు, తెల్ల దారం,
పొగగొట్టంతో సహా.
"మిగతా డజన్లలో కలిపేశాను పదకొండు.
ఏజెంటు చూసుకోలేదు."

ఓడెక్కి ఎక్కడికి పోయాయో.
ఏ ఊళ్లోనో, ఏ బల్ల మీదో
దాని మీద కప్పు పెట్టుకునే ఉంటారెవరో
పువ్వనుకుని.